ట్యాబ్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకే డీజే కంట్రోలర్: కారంచేడు ఫంక్షన్లలో వాడి చూశాక చెబుతున్నా

డీజే కంట్రోలర్ ఏది చూసినా డబ్బా మీద ఒక మాట తప్పకుండా ఉంటుంది. ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్, ఫోన్ అన్నింటికీ సపోర్ట్ ఉందని. మా చీరాల, పర్చూరు వైపు కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా దీని చుట్టూనే తిరుగుతుంది: "అన్నా, ల్యాప్‌టాప్ లేదు, ట్యాబ్ ఉంది. కంట్రోలర్ ఒక్కటి కొనుక్కుంటే ఫంక్షన్లు చేసుకోవచ్చా?"

చేసుకోవచ్చు. కాకపోతే ఆ "సపోర్ట్" అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, బటన్ నొక్కితే యాప్ వినడం. రెండు, పాట సౌండ్ కంట్రోలర్ నుంచి బయటికి రావడం. మూడు, అందరికీ కరెంట్ అందడం. ల్యాప్‌టాప్‌తో ఈ మూడూ ఒకే యూఎస్‌బీ వైరులో నడిచిపోతాయి, మనం ఆలోచించనే అక్కర్లేదు. ట్యాబ్‌తో మూడూ మూడు దారుల్లో పోతాయి. ఆ దారులు తెలిస్తే ట్యాబ్‌తోనే హాయిగా పని జరుగుతుంది. తెలియకపోతే ఊరేగింపు సెంటర్‌కి వచ్చే సరికి పాట ఆగిపోతుంది. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బుతోనో, ఈఎంఐ మీదనో కొనేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. మొదటి ఫంక్షన్‌లోనే పాట ఆగితే రెండో ఫంక్షన్ రాదు.

నేను ఈ రివ్యూకి తీసుకున్నది పయనీర్ డీజే వాళ్ల డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4. కారంచేడులో మా డాబా మీద, ఆ తర్వాత బంధువుల ఓణీల ఫంక్షన్‌లో, ఓ సంగీత్‌లో ల్యాప్‌టాప్‌తోనూ ట్యాబ్‌తోనూ వాడాను. పదికి ఇన్ని మార్కులని వేయను. మీరు ఏ కంపెనీది కొన్నా పనికొచ్చేలా ఏం చూడాలో, ఎందుకు చూడాలో చెబుతాను.

ముందు అసలు కంట్రోలర్ అంటే ఏంటి?

చాలామంది కంట్రోలర్‌లోనే పాటలు ప్లే అవుతాయనుకుంటారు. కాదు. పాట ఉండేది, మిక్స్ అయ్యేది ల్యాప్‌టాప్‌లోనో ట్యాబ్‌లోనో ఉన్న యాప్‌లో. కంట్రోలర్ ప్రధానంగా ఒక రిమోట్. మీరు ఫేడర్ జరిపితే అది యాప్‌కి ఒక నంబర్ పంపుతుంది. ఆ భాష పేరు మిడి. 1983లో కీబోర్డులు, సింథసైజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వచ్చిన స్టాండర్డ్ అది, ఇప్పటికీ అదే నడుస్తోంది. మామూలు మిడి సందేశంలో నాబ్ విలువ 0 నుంచి 127 వరకు ఉంటుంది. బేస్ నాబ్‌ని సగానికి తిప్పితే "64" అని వెళ్తుందన్నమాట.

ఈ రిమోట్‌కి తోడు చాలా కంట్రోలర్లలో ఒక సౌండ్‌కార్డ్ కూడా ఉంటుంది. కొన్నింటిలో ఉండదు. కొనేముందు తెలుసుకోవాల్సిన మొదటి తేడా ఇదే.

ఎఫ్ఎల్ఎక్స్4లో ఏమేం ఉన్నాయి

రెండు చానళ్లు, రెండు జాగ్ వీల్స్, డెక్‌కి 8 ప్యాడ్లు. బరువు 2.1 కిలోలు, వెడల్పు 482.6 మిల్లీమీటర్లు. కాలేజీ బ్యాగులో పట్టదు గానీ బైక్ మీద ఒళ్లో పెట్టుకుని చీరాల దాకా తీసుకెళ్లొచ్చు. బాక్సులకి ఇవ్వడానికి ఆర్‌సీఏ అవుట్‌పుట్ ఒక జత, హెడ్‌ఫోన్‌కి 3.5 మి.మీ. జాక్, మైక్‌కి పెద్ద జాక్ ఉన్నాయి. వెనక రెండు టైప్-సీ పోర్టులు. ఒకటి డేటాకి, ఇంకోటి కరెంట్‌కి మాత్రమే. ఆ రెండో పోర్టే దీన్ని ట్యాబ్‌కి అనుకూలంగా చేసింది. అదెలాగో కింద చెబుతా.

కొత్తవాళ్ల కోసం స్మార్ట్ ఫేడర్ అని ఒకటి పెట్టారు. ఫేడర్ జరుపుతుంటే ఒక పాట వేగం, వాల్యూమ్, బేస్ అన్నీ రెండో పాటకి తగ్గట్టు సర్దుకుంటూ పోతాయి. బాగానే పనిచేస్తుంది గానీ మన పాటల దగ్గర దీనికో మెలిక ఉంది, ఆ సంగతి బీట్‌ల దగ్గరికి వచ్చినప్పుడు చూద్దాం.

సౌండ్ ఎటు నుంచి వస్తుంది?

డీజే పనిలో అసలు కిటుకు హెడ్‌ఫోన్. జనం ఒక పాట వింటుంటే, మనం రాబోయే పాటని చెవిలో విని రెడీ చేసుకోవాలి. దీన్నే క్యూయింగ్ అంటారు. దీనికి రెండు స్టీరియో దారులు కావాలి, అంటే మొత్తం నాలుగు చానళ్ల సౌండ్. ఒక జత బాక్సులకి, ఒక జత హెడ్‌ఫోన్‌కి.

ఎఫ్ఎల్ఎక్స్4ని యూఎస్‌బీ వైరుతో కలిపితే ఈ నాలుగూ కంట్రోలర్‌లోని సౌండ్‌కార్డ్ నుంచే వస్తాయి. ఇదే కంపెనీ 2019లో తెచ్చిన చిన్న మోడల్ డీడీజే-200లో సౌండ్‌కార్డే లేదు. సౌండ్ ఫోన్ నుంచో ట్యాబ్ నుంచో రావాలి. అలాంటప్పుడు స్ప్లిట్ కేబుల్ వాడతారు. ఎడమ చానల్ బాక్సులకి, కుడి చానల్ హెడ్‌ఫోన్‌కి. పని జరుగుతుంది, కానీ స్టీరియో పోయి జనానికి మోనో మిగులుతుంది. ఇంట్లో నేర్చుకోవడానికి చాలు. డబ్బులు తీసుకునే ఫంక్షన్‌కి నేను వాడను.

పైగా ఇప్పుడొచ్చే చాలా ట్యాబ్‌లలో హెడ్‌ఫోన్ జాకే ఉండట్లేదు. ఉన్న ఒక్క టైప్-సీ హోల్ సౌండ్‌కి పోతే ఛార్జింగ్ సంగతేంటి?

బ్లూటూత్: రెండు రకాలు, రెండు కథలు

ఎఫ్ఎల్ఎక్స్4 ట్యాబ్‌తో బ్లూటూత్‌లో కూడా కలుస్తుంది. వైర్లు లేవు కదా అని సంబరపడకండి. బ్లూటూత్ మిడిలో పోయేది నంబర్లు మాత్రమే, అంటే రిమోట్ పని ఒక్కటే. పాట సౌండ్ ట్యాబ్ నుంచే రావాలి.

అప్పుడు కొందరు చేసేది, ట్యాబ్ సౌండ్‌ని బ్లూటూత్ స్పీకర్‌కి పంపడం. ఇక్కడే ఆలస్యం మొదలవుతుంది. లెక్క చూడండి. ల్యాప్‌టాప్‌లో బఫర్ 512 శాంపిళ్లు పెట్టుకుంటే, సెకనుకి 44,100 శాంపిళ్ల చొప్పున అది దాదాపు 11.6 మిల్లీసెకన్లు. చేతికి తెలీదు. మామూలు బ్లూటూత్ స్పీకర్‌లో ఆలస్యం తరచుగా 150 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. 100 బీపీఎం పాటలో ఒక బీట్‌కీ ఇంకో బీట్‌కీ మధ్య దూరం 600 మిల్లీసెకన్లు. అంటే మీరు ప్యాడ్ కొట్టిన సౌండ్ బీట్‌లో మూడో వంతు లేటుగా వినిపిస్తుంది. ఎంత చేయి తిరిగినవాడైనా దాంతో మిక్స్ చేయలేడు.

కాబట్టి బ్లూటూత్ ప్రాక్టీస్‌కి మాత్రమే. ఫంక్షన్‌కి వైరే.

కరెంట్: ట్యాబ్ వాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే

ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు కంట్రోలర్‌కి కరెంట్ ఇస్తుంది, ల్యాప్‌టాప్‌కి వేరే ఛార్జర్ ఉంటుంది. గొడవే లేదు. ట్యాబ్‌కి ఉన్నది ఒకే పోర్టు. అందులో కంట్రోలర్ పెడితే ఛార్జర్ పెట్టడానికి చోటు లేదు. పైగా ట్యాబ్ బ్యాటరీ నుంచే కంట్రోలర్ కూడా కరెంట్ లాగితే ఛార్జ్ ఇంకా తొందరగా దిగిపోతుంది.

దీనికి పరిష్కారం రెండు భాగాలుగా ఉంది. ఎఫ్ఎల్ఎక్స్4 వెనకున్న రెండో టైప్-సీ పోర్టుకి 5 వోల్టుల పవర్ బ్యాంక్ కలపండి, ట్యాబ్ మీద భారం తగ్గుతుంది. ట్యాబ్‌కి మాత్రం ఛార్జింగ్ కూడా లోపలికి పంపే రకం టైప్-సీ హబ్ తీసుకోండి. అప్పుడు ట్యాబ్ ఒకే పోర్టు మీద కంట్రోలర్‌తో మాట్లాడుతూనే ఛార్జ్ అవుతుంది. లైట్నింగ్ పోర్టు ఉన్న పాత ఐప్యాడ్ అయితే, పక్కనే ఛార్జింగ్ హోల్ ఉండే యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్ కావాలి. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్ నుంచి మామూలు ఐప్యాడ్‌కి కూడా టైప్-సీ వచ్చేసింది.

పవర్ బ్యాంక్ వల్ల ఊళ్లలో ఇంకో లాభం కూడా ఉంది. ఫంక్షన్ మధ్యలో కరెంట్ పోయి జనరేటర్ అందుకునే లోపు బాక్సులు ఆగుతాయి గానీ కంట్రోలర్, ట్యాబ్ ఆగవు. జనరేటర్ స్టార్ట్ కాగానే పాట అక్కడి నుంచే అందుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్, అందులోనూ బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచేది అయితే, మళ్లీ ఆన్ అయ్యేదాకా అందరూ మీ మొహమే చూస్తుంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ట్యాబే గెలుస్తుంది.

కేబుల్ విషయంలో ఒక మాట. టైప్-సీ కేబుళ్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ కొన్ని ఛార్జింగ్‌కి మాత్రమే, వాటిలో డేటా పోదు. కంట్రోలర్ కనెక్ట్ కాకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి.

సాఫ్ట్‌వేర్: ఏది ఫ్రీ, ఏది కాదు

ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ఎక్స్4 పెట్టగానే రికార్డ్‌బాక్స్ పెర్ఫార్మెన్స్ మోడ్ తెరుచుకుంటుంది, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. సెరాటో డీజే లైట్ కూడా ఉచితమే. సెరాటో ప్రో కావాలంటే కట్టాలి.

ట్యాబ్‌లో నాకు నచ్చింది ఆల్గోరిడిమ్ కంపెనీ వాళ్ల డీజయ్. టచ్ స్క్రీన్ కోసమే పుట్టిన యాప్‌లా ఉంటుంది, పాట వెతకడం ల్యాప్‌టాప్ కన్నా తేలిక. దీంట్లోని న్యూరల్ మిక్స్ పాటలోంచి గొంతునీ వాద్యాల్నీ అప్పటికప్పుడే విడదీస్తుంది. పెళ్లికూతురు స్టేజీ ఎక్కుతున్నప్పుడు గొంతు తీసేసి మ్యూజిక్ మాత్రం ఉంచి, మైక్‌లో పేర్లు చదివించొచ్చు. ఇలాంటి పనికి ప్రాసెసర్ బలం కావాలి. కొత్త ఐప్యాడ్ దీన్ని పాత ల్యాప్‌టాప్ కన్నా బాగా మోస్తుంది. ఇందులో మంచి ఫీచర్లు కొన్ని సబ్‌స్క్రిప్షన్ కిందే వస్తాయి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లన్నింటికీ కలిపి ఒకే తీర్పు చెప్పడం కుదరదు. యూఎస్‌బీ మీద నాలుగు చానళ్ల సౌండ్ సరిగ్గా రావడం ట్యాబ్ మోడల్ మీద, యాప్ వెర్షన్ మీద కూడా ఆధారపడుతుంది. మీ ట్యాబ్ మీదే పెట్టి చూసుకోవాలి, పక్కవాడి ట్యాబ్‌లో వచ్చిందని కొనొద్దు.

మన పాటలు, సాఫ్ట్‌వేర్ బీట్‌లు

రివ్యూ వీడియోల్లో కంట్రోలర్‌ని హౌస్, టెక్నో పాటలతో చూపిస్తారు. అవి కంప్యూటర్‌లో తయారైనవి, మొదటి నుంచి చివరి దాకా వేగం గీత గీసినట్టు ఉంటుంది. యాప్ వాటి మీద బీట్‌గ్రిడ్ అనే గీతల వల సులువుగా పరిచేస్తుంది. సింక్ నొక్కితే రెండు పాటలు అతుక్కుపోతాయి.

మన ఫంక్షన్లలో అలా కుదరదు. నిర్మాత రామానాయుడుది కారంచేడే. మా ఊళ్లో పెద్దవాళ్లు కూర్చున్న ఫంక్షన్‌లో ఆయన 1971లో తీసిన 'ప్రేమ్‌నగర్' పాట ఒక్కటైనా అడగకుండా ఉండరు. కె.వి. మహదేవన్ సంగీతం. ఆ కాలపు పాటలు మనుషులు వాయించిన ఆర్కెస్ట్రాతో రికార్డయినవి. చరణంలో కాస్త సాగుతుంది, పల్లవికి వచ్చేసరికి కాస్త ఊపందుకుంటుంది. పాటకి అందం అదే. గీతల వలకి మాత్రం కష్టం అదే. మొదట్లో సరిగ్గా కూర్చున్న గ్రిడ్ రెండో చరణానికి పక్కకి జరిగిపోతుంది. అప్పుడు సింక్, స్మార్ట్ ఫేడర్ నమ్ముకుంటే రెండు పాటలు గుర్రాల్లా తలోవైపు పరిగెడతాయి.

తీన్‌మార్, డప్పు దరువుల్లో ఇంకో తంటా. ఆ నడక చాలాసార్లు ఆరు మాత్రలది. యాప్ నాలుగు మాత్రల లెక్కతో చూసి బీపీఎంని తప్పుగానో, సగానికో రెట్టింపుకో చూపిస్తుంది. 90 అనాల్సింది 180 అంటుంది.

దీనికి మందు ఖర్చు లేనిదే. ల్యాప్‌టాప్ రికార్డ్‌బాక్స్‌లో పాటని విశ్లేషించేటప్పుడు డైనమిక్ మోడ్ ఎంచుకోండి, వేగం మారే పాటలకి గ్రిడ్ కూడా మారుతూ పోతుంది. పాత పాటల దగ్గర సింక్ ఆపేసి, పల్లవి ముందు ఒక హాట్ క్యూ పెట్టుకుని, దరువు మీద నేరుగా ప్లే కొట్టండి. బీట్ కలపకుండా కట్ చేసి వేసిన పాట పదిసార్లు మేలు, తప్పుగా కలిపిన దానికన్నా. గ్రిడ్ సరిదిద్దే ఈ పని పెద్ద స్క్రీన్ మీద, మౌస్‌తో చేస్తే సులువు. లైబ్రరీ తయారీకి ల్యాప్‌టాప్ బెస్ట్ అనేది ఇందుకే.

పాటలు ట్యాబ్‌లోనే ఉండాలి

డీజే యాప్‌లలో స్ట్రీమింగ్ ఉంది కదా, పాటలు దాచుకోవడమెందుకు అంటారు కొందరు. కల్యాణ మండపంలో నాలుగైదు వందల మంది ఫోన్లు ఒకే టవర్ మీద ఉంటే నెట్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైగా ఆ సదుపాయం మన చేతిలో ఉండేది కాదు. స్పాటిఫై 2020 జూలైలో డీజే యాప్‌లన్నింటి నుంచీ తప్పుకుంది, మళ్లీ 2025లో కొన్ని దేశాల్లో ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్లకి తిరిగొచ్చింది. మధ్యలో ఐదేళ్లు ఆ ప్లేలిస్టుల మీద ఆధారపడ్డవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

సొంత ఫైళ్లకి లెక్క చాలా చిన్నది. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే ఐదు నిమిషాల పాట 12 ఎంబీ. వెయ్యి పాటలు 12 జీబీ. 64 జీబీ ట్యాబ్‌లో కూడా పడతాయి. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి వచ్చిన పాటలు మాత్రం వద్దు. ఇయర్‌ఫోన్‌లో బాగానే అనిపిస్తాయి, పెద్ద బాక్సుల్లో పెడితే తాళాలు ఇసక రాలినట్టు గరగరమంటాయి.

బాక్సులకి కలిపేటప్పుడు

మా ఊళ్లో సౌండ్ సర్వీస్ నడిపే బాబాయ్ కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి మొదట అడిగింది ఇదే: "ఏరా అబ్బాయ్, బానే ఉంది గానీ, నా మిక్సర్‌కి ఏ పిన్ను ఇస్తావ్?"

"ఆర్‌సీఏ బాబాయ్, టీవీకి పెడతారే, తెలుపూ ఎరుపూ."

"అయితే దగ్గర్లో కూర్చో. ఆ వైరు స్టేజీ దాకా లాగితే పాటకంటే జనరేటర్ గుర్రుమనేదే ఎక్కువ వినపడుద్ది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆర్‌సీఏ అన్‌బ్యాలెన్స్‌డ్ రకం. పొడుగు పెరిగేకొద్దీ చుట్టుపక్కల కరెంట్ తీగల హమ్‌ని పట్టుకుంటుంది. రెండు మూడు మీటర్లకి మించకుండా చూసుకోండి. దూరం తప్పదంటే మధ్యలో డీఐ బాక్స్ పెట్టి, అక్కడి నుంచి ఎక్స్ఎల్ఆర్ వైరు లాగండి. ఎఫ్ఎల్ఎక్స్4లో ఎక్స్ఎల్ఆర్ అవుట్ లేకపోవడం ఫంక్షన్లు చేసేవాళ్లకి నిజమైన లోటే. మీటర్ ఎర్ర లైటు దాకా పెంచకండి. వాల్యూమ్ కావాలంటే మిక్సర్ దగ్గర పెంచమనండి.

ఇంకోటి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. పదికి పది నిమిషాల ముందే ఆఖరి పాట ప్లాన్ చేసుకుంటే పోలీసులు వచ్చి ఆపించే అవసరం రాదు.

ఎండ

యాపిల్ చెప్పేదాని ప్రకారం ఐప్యాడ్ వాడాల్సింది 0 నుంచి 35 డిగ్రీల మధ్య. మే ముహూర్తాల్లో మా బాపట్ల జిల్లాలో మధ్యాహ్నం అది దాటడం మామూలే. వేడెక్కిన ట్యాబ్ ముందు స్క్రీన్ వెలుగు తగ్గిస్తుంది, ఛార్జింగ్ ఆపుతుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. ట్రాలీ మీద ఊరేగింపు అయితే నీడ తప్పనిసరి. ట్యాబ్‌కి ఉన్న కవర్ తీసేయండి, కింద గాలి ఆడేలా స్టాండ్ మీద పెట్టండి. ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్ వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది గానీ దుమ్ముకి అదే దారి.

డబ్బులు కట్టేముందు షాపులో చేయాల్సిన ఐదు పరీక్షలు

1. మీ సొంత ట్యాబ్, మీరు వాడబోయే యాప్, మీ కేబుల్ తీసుకెళ్లండి. షాపు వాళ్ల ట్యాబ్‌లో చూపిస్తే ఒప్పుకోవద్దు.
2. వైరుతో కలిపి, బాక్సులో ఒక పాట, హెడ్‌ఫోన్‌లో వేరే పాట వస్తోందో లేదో వినండి.
3. హబ్ ద్వారా ఛార్జర్ పెట్టి, ట్యాబ్ నిజంగా ఛార్జ్ అవుతోందా అని చూడండి.
4. ఫోన్‌ని, ట్యాబ్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పాటలు ప్లే అవుతున్నాయా అని చూడండి.
5. ప్లే అవుతుండగా వైరు పీకి మళ్లీ పెట్టండి. ఎంతసేపట్లో తేరుకుంటుందో తెలుస్తుంది. ఫంక్షన్‌లో ఎవరో ఒకరు వైరు తన్నడం ఖాయం.

ఎవరు కొనాలి, ఎవరు ఆగాలి

నేర్చుకోవాలి, ఇంట్లో, స్నేహితుల పుట్టినరోజుల్లో వాయించాలి అంటే ఉన్న ట్యాబ్‌తో ఎఫ్ఎల్ఎక్స్4 నిశ్చింతగా తీసుకోవచ్చు. రేపు ల్యాప్‌టాప్ కొన్నా అదే కంట్రోలర్ పనికొస్తుంది, డబ్బు వృథా కాదు.

ఓణీల ఫంక్షన్లు, సంగీత్‌లు డబ్బు తీసుకుని చేయాలనుకుంటే కంట్రోలర్ ధర ఒక్కటే బడ్జెట్ కాదు. హబ్, పవర్ బ్యాంక్, మంచి హెడ్‌ఫోన్, డీఐ బాక్స్, యాప్ ఖర్చు కలిపి లెక్కేయండి. అవన్నీ కలిసొచ్చే దాకా ఆగడమే మంచిది. సెకండ్ హ్యాండ్‌లో మంచి బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ దొరికితే దాన్ని మెయిన్‌గా పెట్టుకుని, ట్యాబ్‌లో అవే పాటలు వేసుకుని పక్కన రెడీగా ఉంచండి. నేను ప్రస్తుతం వాడుతున్న పద్ధతి ఇదే.

ట్రాలీ మీద పెద్ద ఊరేగింపులే మీ పని అయితే ఎక్స్ఎల్ఆర్ అవుట్ ఉన్న పెద్ద మోడల్ చూడండి, దీనితో సరిపెట్టుకోకండి.

నచ్చినవి: విడిగా పవర్ పోర్టు, లోపలే సౌండ్‌కార్డ్, తక్కువ బరువు, ల్యాప్‌టాప్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్.

నచ్చనివి: బాక్సులకి ఆర్‌సీఏ మాత్రమే, మన పాత పాటల దగ్గర స్మార్ట్ ఫేడర్ తడబాటు, ట్యాబ్‌తో వాడాలంటే విడిగా కొనాల్సిన సామాను.

మీ ట్యాబ్ మోడల్, మీరు వాడే యాప్ పేరు కామెంట్‌లో రాయండి. నేను ఇప్పటికే వాడి చూసినదైతే ఏం వచ్చిందో చెబుతాను.